మూడో నెల నిండేదాకా

సెప్టెంబరు 27, మంగళవారం

సుమేధకు పదమూడో వారం. ఒంటి వేడి 98.4. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నది, ఒకటి నిలిచింది.

ప్రభుత్వానికి కావలసింది ఇంతే. 'దాచిన గర్భం' అని ముద్ర పడ్డ ఇంట్లో, కాన్పయ్యేదాకా ఇంటి పెద్ద రోజూ ఈ మూడు ముక్కలూ ఇంగ్లీషులో నింపి పంపాలట. మా ఇంటికి పెద్దను నేనే. పేరు హన్విక, వయసు యాభై రెండు. ఆ ఫారంలో నా కోపం రాసుకోవడానికి గడి లేదు కాబట్టి మిగిలింది తెలుగులో ఈ కాగితం పుస్తకంలో రాస్తున్నాను.

ఇవాళ నీళ్లు వదిలే రోజు. పొద్దున రెండు గంటలే వస్తాయి. నేను డ్రమ్ములు నింపుతుంటే గర్భాల నమోదు ఆఫీసు నర్సు ఇంటింటి తనిఖీకి వచ్చింది. సుమేధ వేలికి సూది గుచ్చి, పలకలాంటి దాంట్లోకి చూసి, "పదమూడు వారాలు. మా దగ్గర మీ పేరు లేదు" అన్నది. సుమేధ పేరు పక్కన ముద్ర పడటానికి అర నిమిషం పట్టలేదు. డ్రమ్ము నిండి నీళ్లు పొర్లిపోతున్నా నేను పైపు కట్టెయ్యలేదు.

సుమేధ నా కోడలు. మూడు వందల అడుగుల గాలిమరలెక్కి వాటిని బాగుచేసే పిల్ల. నా కొడుకు నిహాల్ బడిలో లెక్కలు చెప్తాడు, కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే కళ్లు తిరుగుతాయంటాడు. వాళ్లిద్దరికీ ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చట్టం చిన్నదే. ఏడో వారం లోపు గర్భాన్ని నమోదు చేయించాలి. అలా చేయించిన వాళ్లకు తర్వాత ఏ తేడా వచ్చినా గర్భం తీసెయ్యడానికి డాక్టరు మాట చాలు. చేయించకపోతే అది దాచిన గర్భం. దానికి డాక్టరు మాట చెల్లదు. కౌంటీకి, అంటే ఇక్కడి జిల్లాకు, ఒక బోర్డు. అందులో నలుగురు ఉంటారు, పార్టీకి ఇద్దరు. వాళ్లలో ముగ్గురు సరేనంటేనే డాక్టరు చెయ్యి వెయ్యాలి.

పార్టీల అసలు పేర్లు బారెడుంటాయి. మన ఇళ్లలో ఒకదాన్ని రక్షణ పార్టీ అంటాం, ఇంకోదాన్ని హక్కు పార్టీ. గర్భం తీయించుకోవడాన్ని వాళ్లు మొత్తం ఆపెయ్యాలన్నారు, మేము మొత్తం ఆడవాళ్ల ఇష్టానికి వదిలెయ్యాలన్నాం. తొమ్మిదేళ్ల కింద రాజీపడి ఈ చట్టం తెచ్చారు. 'మేము' అని ఊరికే అనలేదు. ఇరవై ఏళ్లుగా నేను హక్కు పార్టీ మనిషిని. ఈ రాజీ మంచిదని ఊళ్లోని ప్రతి తెలుగింటి గడప ఎక్కి చెప్పింది నేనే. "ఒక్క సంతకం పెడితే మన ఆడపిల్లలు నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాను.

మరి నా ఇంట్లో ఆ సంతకం ఎందుకు పెట్టలేదు? కిందటేడు ఆరో వారంలోనే నమోదు చేయించాం, అందరికీ చెప్పుకున్నాం, తొమ్మిదో వారంలో పోయింది. ఈసారి కడుపు నిలవగానే నేనే అన్నాను, మూడో నెల నిండేదాకా గడప దాటి మాట బయటికి పోవద్దని. మా అమ్మ నాకు చెప్పిన మాట, ఆమెకు వాళ్లమ్మ చెప్పిన మాట.

"అత్తమ్మా, మీ పార్టీ చేసిన చట్టాన్ని మీరే తప్పుతున్నరు" అని సుమేధ నవ్వింది.

"చట్టానికి దిష్టి సంగతి ఏం తెలుసు బిడ్డా. ఐదారు వారాలల్ల ఏం మునుగదు" అన్నాను.

అక్టోబరు 5, బుధవారం

98.6. పద్నాలుగో వారం. మామిడికాయ పచ్చడితో అన్నం, రెండుసార్లు. వాంతి లేదు.

ఎన్నికలు వచ్చే నెల ఎనిమిదిన. యంత్రం గొంతుతో ఓట్లడగొద్దని చట్టం వచ్చాక మనిషి కాళ్లకు గిరాకీ పెరిగింది. ఇవాళ నలభై ఇళ్లు తిరిగాను. మా కౌంటీ పార్టీకి పెద్ద జూన్ కాల్డ్‌వెల్. నాతో పాటే ఈ తిరుగుడు మొదలుపెట్టింది, ఇప్పుడు బోర్డు మెంబరు. ఇరవై ఏళ్లలో మా ఇంటి సకినాలు ఎన్ని తిన్నదో. సుమేధ సంగతి చెప్తే, "బాధపడకు, ముద్ర ఉన్నా ఏమీ కాకపోతే ఏమీ కాదు కదా" అన్నది. నిజమే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి సుమేధ బతుకమ్మ పేరుస్తూ కూర్చున్నది. ఇక్కడ తంగేడు దొరకదు. రహదారి పక్కన మొలిచే పసుపు గడ్డిపూలు బుట్టెడు తెంపుకొచ్చింది.

"గింత ఎత్తు పేరుస్తవా? ఎవరు మోస్తరు?" అన్నాను.

"మీ కొడుకు మోస్తడు. లెక్కలు తప్ప ఇంకేం మోస్తలేడు గదా."

నిహాల్ పక్కనే ఉన్నాడు, వినపడనట్టు పూలు అందిస్తున్నాడు. పట్టుచీర కట్టుకున్న సుమేధను పూల పక్కన నిలబెట్టి ఫొటో తీశాను. నాకు చాలా సంతోషంగా ఉండింది. అది కూడా రాసి పెట్టుకోవాలి.

అక్టోబరు 16, ఆదివారం

98.8. పదహారో వారం.

బట్టలు మడతపెడుతూ సుమేధ "అత్తమ్మా" అన్నది. గొంతు ఎప్పటిలా లేదు. వెళ్లి చూస్తే నేలంతా తడి. డ్రమ్ము కారిందేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ ఒకాఫర్ చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఉమ్మనీరు మొత్తం పోయింది. బిడ్డ ఊపిరితిత్తులు ఇక పెరగవు, బతికే దారి లేదు. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటున్నది. ఇలాగే వదిలేస్తే గర్భసంచికి చీము పట్టి తల్లి రక్తంలోకి విషం ఎక్కుతుంది. ఇవాళే తీసెయ్యాలి.

"తీసెయ్యండి మరి" అన్నాడు నిహాల్.

డాక్టరు తెర మీద ముద్ర చూపించింది. "ఈమె పేరు పక్కన ఇది లేకపోతే మిమ్మల్ని ఈపాటికి లోపలికి తీసుకెళ్లేదాన్ని."

సుమేధ నా చెయ్యి పట్టుకున్నది. "నాకు ఏడుపొస్తుంది గని, తీసెయ్యమనుండ్రి అత్తమ్మా. నాకు బతకాలని ఉన్నది."

బోర్డుకు అర్జీ పెట్టాం. గురువారం పది గంటలకు రమ్మన్నారు. అప్పటిదాకా ఇంట్లోనే ఉండి, వేడి వంద దాటితే రమ్మని డాక్టరు చెప్పింది.

అక్టోబరు 18, మంగళవారం

పొద్దున 99.1. సాయంత్రం 99.9.

నిన్న జూన్ ఇంటికి వెళ్లాను. నా జన్మలో ఒకరిని బతిమాలింది లేదు, నిన్న బతిమాలాను. నన్ను కావలించుకుని తనూ ఏడ్చింది. "నేనూ టెరెన్సూ ఇద్దరం మీవైపే. మూడో ఓటు సంగతి నాకు వదిలెయ్" అన్నది. టెరెన్సు మా పార్టీ రెండో మెంబరు. అర్జీతో పాటు పెట్టడానికి సుమేధది మంచి ఫొటో ఒకటి కావాలని జూన్ అడిగింది. బతుకమ్మ నాటిది ఇచ్చాను.

నిహాల్‌కు ఓపిక లేదు. నది అవతల వేరే రాష్ట్రం, అక్కడ ముద్రలూ బోర్డులూ లేవు. వంతెనకు అవతల నలభై మైళ్లలో ఆసుపత్రి. ఇవాళ నీళ్లు కూడా పట్టకుండా ముగ్గురం కారెక్కాం. కారు దానంతటదే వంతెన దాకా చక్కగా తీసుకెళ్లింది. వంతెన మొదట్లోనే పక్కకు జరిగి ఆగిపోయింది. "వెనక సీటులో ఉన్నవారికి రాష్ట్రం దాటే అనుమతి లేదు. మీ ప్రయాణానికి ధన్యవాదాలు" అన్నది.

నిహాల్ డాష్‌బోర్డును కొట్టాడు. ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తని వాడు కారును పిడికిలితో కొడుతుంటే చూడలేకపోయాను. నడిచి దాటుదామన్నాను. వంతెన మీద మనుషులకు దారి లేదు. అసలు సుమేధ కూర్చోనే లేకపోతున్నది.

"వాపస్ పోదాం పా నిహాల్. గురువారం ఎంతలకొస్తది" అన్నది సుమేధ. మమ్మల్ని ఓదార్చే పని కూడా తనే చేసింది.

అక్టోబరు 20, గురువారం

పొద్దున 99.8.

సుమేధ దగ్గర నిహాల్‌ను ఉంచి నేనొక్కదాన్నే బోర్డుకు వెళ్లాను. గదిలో పొడుగు బల్ల, నాలుగు కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు ఒక పేరు. తొమ్మిదిన్నరకే రక్షణ పార్టీ ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఒకరు శ్రీమతి గ్రాబర్, నావైపు చూడలేదు. ఇంకొకాయన వాల్టర్ హేన్స్, పశువుల మంద ఉన్న ముసలాయన. పదేళ్లుగా నేను తలుపు కొడితే నా మొహం మీదే వేస్తున్నాడు.

మావాళ్ల రెండు కుర్చీలు ఖాళీ.

పది దాటింది. పదింబావు అయింది. దారిలో ఏదైనా అయి ఉంటుందని నేనే గుమస్తాకు సర్దిచెప్పాను. జూన్‌కు ఐదుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పదకొండుకు గుమస్తా లేచి, కనీసం ముగ్గురు లేనిదే సభ జరగదని, అర్జీ సోమవారానికి మార్చామని చదివి వినిపించాడు.

వరండాలో హేన్స్ నా వెనకే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను సరేనని చెప్పడానికే వచ్చానమ్మా" అన్నాడు. "ఈనలేని ఆవునైనా అలా వదిలెయ్యను. ఓటు వేసేదాకా మావాళ్లకు తెలియకుండా ఉంచమని జూన్‌కు నిన్ననే చెప్పాను. మీవాళ్లు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు."

నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లు ఈ పనిలో ఉన్నదాన్ని.

మధ్యాహ్నం జూన్ ఫోన్ ఎత్తింది. గొంతు మామూలుగానే ఉంది. "ఇవాళ చాటుగా అతను సరేనంటే, ఆ పార్టీకీ దయ ఉందని జనం అనుకుంటారు. ఎన్నికలకు పందొమ్మిది రోజులుంది హన్వికా. సోమవారం కెమెరాల ముందు పెడదాం. అక్కడ వాళ్లు సుమేధ ఫొటో చూసి కాదంటే రాష్ట్రం అంతా మనవైపు తిరుగుతుంది. సరేనన్నా మంచిదే. ఆ తర్వాత ఈ చట్టాన్నే తీసెయ్యొచ్చు. ఎన్ని వేలమంది సుమేధలు బతుకుతారో ఆలోచించు."

"నాకు ఒక్క సుమేధే ఉంది" అన్నాను.

"నాలుగు రోజులే. నాకు తెలిసిన డాక్టర్ని కూడా అడిగాను, ఆగితే ఆగొచ్చేమో అన్నది. నాలుగు రోజుల్లో ఏమీ కాదు."

బూతులు తిడదామని నోరు తెరిచాను. తిట్టకుండానే ఫోన్ పెట్టేశాను. ఐదారు వారాల్లో ఏం మునగదని అన్నది నేనే కదా.

అక్టోబరు 22, శనివారం

102.6. తిన్నది ఏమీ లేదు.

పొద్దున వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆసుపత్రికి తెచ్చాం. సెలైన్ ఎక్కిస్తున్నారు, మందులు పోస్తున్నారు. డాక్టర్ ఒకాఫర్ బోర్డులోని నలుగురికీ ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసింది. హేన్స్ గంటలో వచ్చి ఆసుపత్రి కిందే కూర్చున్నాడు. శ్రీమతి గ్రాబర్ రానన్నది. జూన్, టెరెన్సు రాజధానిలో సభలో ఉన్నారట, ఫోను మెషీనే ఎత్తిందట.

నేను జూన్‌కు వంద సందేశాలు పెట్టి ఉంటాను. చివరి దాంట్లో 102.6 అని మాత్రమే పెట్టాను.

సుమేధ కాసేపు తెలివిగా ఉన్నది. "అత్తమ్మా, పదకొండో నంబరు మర మీద స్క్రూ ఒకటి లూజు ఉన్నది. నేను చెప్పుడు మర్చిపోయిన. ఎవలన్న ఎక్కెటప్పుడు జారుతరు. జర ఫోన్ చేసి చెప్పుండ్రి" అన్నది. ఆమె ఎదురుగానే ఫోన్ చేసి చెప్పాను. అప్పుడు కళ్లు మూసుకున్నది.

అక్టోబరు 24, సోమవారం

103.9. తర్వాత 96. ఇలా పడిపోవడం మంచిది కాదని నర్సు చెప్పకముందే ఆమె మొహం చూసి తెలుసుకున్నాను.

బోర్డుకు నిహాల్ వెళ్లాడు. నేను కదలనన్నాను. ఆసుపత్రి గోడ మీది తెరలో వస్తుంటే చూశాను. నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఆరు కెమెరాలు. జూన్ ఇరవై నిమిషాలు మాట్లాడింది. బాగా మాట్లాడింది, అది కాదనలేను. ఆమె వెనక గోడంత ఎత్తున నా కోడలు, పట్టుచీరలో, పసుపు పూల పక్కన. హేన్స్ వంతు వచ్చినప్పుడు ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "గురువారమే అనాల్సింది. సరే" అన్నాడు. మూడు ఓట్లతో అనుమతి దొరికింది.

పదకొండూ పదికి కాగితం వచ్చింది. పదకొండున్నరకు లోపలికి తీసుకెళ్లారు. డాక్టర్ ఒకాఫర్ చెయ్యగలిగింది అంతా చేసింది.

సుమేధ పన్నెండూ ఇరవైకి పోయింది. ఇరవై తొమ్మిదేళ్లు.

నిహాల్ అనుమతి కాగితం నకలు చేత్తో పట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి అయిపోయింది. "సరేనన్నరు అమ్మా, సరేనన్నరు" అంటూనే వస్తున్నాడు. నేను వాడికి ఎలా చెప్పానో నాకు గుర్తులేదు.

నవంబరు 1, మంగళవారం

నీళ్లు వచ్చాయి, పోయాయి. పట్టలేదు.

నమోదు ఆఫీసు సుమేధ కాగితాలు తిరిగి పంపింది. ముద్ర పడ్డ రోజు నర్సు ఆమెను పక్కకు తీసుకెళ్లి రాయించుకున్న ఫారం అందులో ఉన్నది. నేనెప్పుడూ చూడలేదు. అందులో ఒక ప్రశ్న: గర్భం దాచమని మీకు సలహా ఇచ్చిందెవరు? కింద చిన్న అక్షరాల్లో, సలహా ఇచ్చినవారికి పదేళ్లపాటు ఓటు ఉండదని, పార్టీ పని చెయ్యకూడదని ఉంది.

సుమేధ రాసిన జవాబు: "ఎవరూ లేరు. నా ఆలోచనే. మా అత్తమ్మ నమోదు చేయించమని రోజూ చెప్పింది, నేనే వినలేదు."

ఒక్క మాట కూడా నాతో అనలేదు. ఆ తర్వాత ఇరవై రోజులు నాతో నవ్వుతూ తిరిగింది, పూలు పేర్చింది. నా ఓటు, నా పని, నా పరువు కాపాడాలని ఆ పిల్ల అబద్ధం రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని వంటింట్లో కింద కూలబడి ఏడ్చాను. నిహాల్ గుమ్మంలో నిలబడి చూశాడు. వాడికి చూపించాను. చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు దాచమన్నవని నాకు తెల్సు అమ్మా" అన్నాడు. "నేను గూడ వద్దనలె."

బయట వీధిలో ప్రతి స్తంభానికీ సుమేధ బొమ్మ. 'ఈమె కోసం ఓటెయ్యండి' అని రాశారు. చెత్తబుట్ట కింద పెట్టడానికి వెళ్లినా ఆ మొహం దాటుకునే వెళ్లాలి.

నవంబరు 8, మంగళవారం

పొద్దున ఓటింగుకు వెళ్లాను. నిహాల్ కారులోనే కూర్చున్నాడు, తను వెయ్యనన్నాడు.

ఈసారి బోర్డు అధ్యక్ష కుర్చీ కూడా ఓటు కాగితం మీద ఉంది. ఒకవైపు జూన్. ఇంకోవైపు రక్షణ పార్టీ నిలబెట్టిన కొత్త మనిషి, నలభై ఏళ్లవాడు. గెలిస్తే బోర్డునే ఎత్తేస్తానన్నాడు. అనుమతులే ఉండవు, గురువారాలే ఉండవు, ఎవరి అర్జీ ఎవరూ చదవరు. హేన్స్‌కు ముందు ఇచ్చిన టికెట్ ఆ పార్టీ కిందటి వారం వెనక్కి తీసుకుని ఇతనికి ఇచ్చింది. సోమవారం నాడు అతను అన్న ఒక్క మాటకు అది బహుమానం.

గదిలో తెర వెనక చాలాసేపు నిలబడ్డాను. బయట ఎవరో దగ్గారు. తెల్ల కాగితం వేసి రావచ్చు. చించెయ్యవచ్చు. నిహాల్ లాగా రాకుండా ఉండవచ్చు. కానీ నేను నోరు మూసుకోమని నేర్పిన ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. సంతకం పెట్టమని గడపలో చెప్పేదాన్ని, పీట మీద కూర్చున్నాక మూడో నెల నిండనివ్వమని చెప్పేదాన్ని. ఆ ఇళ్లల్లో ఇవాళ ఎందరు ఆడపిల్లలు ఎనిమిదో వారంలో ఉన్నారో, తొమ్మిదో వారంలో ఉన్నారో. వాళ్లకు ఖాళీ కుర్చీ అయినా ఒక కుర్చీ ఉండాలి.

నా కోడలు అబద్ధమాడి నాకు మిగిల్చిన ఓటు. దాన్ని జూన్ పేరు మీద వేశాను.

బయట గేటు దగ్గర జూన్ నిలబడి అందరికీ చెయ్యి కలుపుతున్నది. నన్ను చూసి రెండు చేతులూ చాపింది. నేను ఆగాను గానీ దగ్గరికి పోలేదు.

"నీకే వేశాను" అన్నాను. "వచ్చే గురువారం ఎవరి కోడలి పేరు వస్తుందో నాకు తెలియదు. ఎన్నికలున్నా లేకపోయినా వచ్చి కూర్చో."

ఆమె మొహం ఎలా మారిందో చూడటానికి నేను నిలబడలేదు.

కారెక్కాను. నిహాల్ కారును ఇంటికి పొమ్మన్నాడు. ఎవరికి వేశావని అడగలేదు. అడిగితే చెప్పే ధైర్యం నాకు లేదు.